మగవాళ్లను మింగే ఇల్లు

మా ఆయన బాయి పని నుంచి రిటైరై దిగిపోయిన ఏడాది మేము ఆదిలాబాద్‌లో ఒక పాత ఇల్లు కొన్నాం. బొగ్గు గనిని మా వైపు బాయి అనే అంటారు. అంతకుముందంతా శ్రీరాంపూర్‌లో కంపెనీ క్వార్టర్‌లో ఉన్నాం. పని ఉన్నన్నాళ్లే క్వార్టర్. దిగిపోయాక తాళంచెవి అప్పజెప్పి సామాను సర్దుకోవాలి. మా అత్తమ్మ కొత్త కోడలిగా వచ్చింది ఆ క్వార్టర్లకే. భర్తను పోగొట్టుకున్నదీ, కొడుకును అదే బాయిలోకి దింపిందీ అక్కడే. ఇల్లు కొన్నామని చెప్పిన రోజు ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి కాలనీలో ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చింది.

నేను కాలనీలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. నా తల్లిగారి ఊరు ఆదిలాబాద్ పక్కనే కాబట్టి అటే వెతికాం. ఆ ఇంటిని చూడగానే ఇద్దరికీ నచ్చింది. టేకు దూలాలు, పెంకుల కప్పు, రెండు మూరల మందాన గోడలు, ముందు పొడుగాటి వరండా. అమ్మిన మనిషి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. తండ్రి పోయాక ఖాళీగా పడి ఉందని చెప్పి, పెద్దగా బేరమాడకుండా రాసిచ్చాడు. అంత తేలిగ్గా ఎందుకు వదులుకున్నాడో అప్పుడు మాకు తట్టలేదు.

సామాను దించిన రోజే పక్కింటావిడ చెంబుతో మంచినీళ్లు పట్టుకొచ్చింది. మా అత్తమ్మ పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"పెద్దమ్మా, నీ కొడుకును జూసి పాపమనిపించి చెప్తున్న. గీ ఇల్లు మగోళ్లను మింగుతది. కట్టించిన మునీము గా దూలానికే ఉరేసుకున్నడట. గాయన ఎన్క కొన్న దవాఖాన నర్సమ్మ మొగడు ఏడాది తిరగకముందే పోయిండు. ఆమె దగ్గర కొన్నోళ్ల పెద్దకొడుకు పెండ్లీడుకొచ్చి సచ్చిండు. ఇగ నీ ఇష్టం."

మునీమంటే పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు చూసే ఆయన. అత్తమ్మ తలెత్తి దూలం వైపు చూసింది. తాగబోతున్న చెంబు కింద పెట్టేసింది. మా ఆయన ఒకసారి బాయిలో కప్పు కూలితే బొగ్గు కింద ఇరుక్కుని బయటపడ్డాడు. ఆ రోజు గని ముంగిట నేల మీద కూర్చుని ఎదురుచూసింది ఆమే.

"బాయిల కప్పు కూలితే దేవుడు నా కొడుకును బయటవడేసిండు. మళ్ల నేనే తీస్కపోయి గీ కప్పు కింద పండవెడ్తనా?" అంది.

మేమెంత చెప్పినా వినలేదు. ఆ సాయంత్రమే బట్టల మూట కట్టుకుని మంచిర్యాలలో ఉన్న బిడ్డ ఇంటికి పోతానని లేచింది. పోయేముందు కొడుకు చేతిని తన తల మీద పెట్టుకుని, ఆ కప్పు కింద నిద్రపోనని ఒట్టు వేయించుకుంది.

మా ఆయన దయ్యాలను నమ్మడు. తల్లికిచ్చిన మాటను మాత్రం నమ్ముతాడు. పగలు ఇంట్లో తిరిగేవాడు, తినేవాడు, దీపం పెట్టేవేళకు నులక మంచం వరండాలోకి లాగేవాడు. ఆదిలాబాద్ చలి సంగతి తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మఫ్లరు, రెండు దుప్పట్లు, వాటి మీద గోనె సంచి. పొద్దున చాయ్ గ్లాసు అందిస్తే వేళ్లు వంగేవి కావు. సొంతింట్లో నా భర్త కాపలావాడిలా బయట పడుకోవడం చూసి నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది.

"ఆ ముగ్గురూ ఎవరో, ఎట్లా పోయారో నేను తెలుసుకుంటా" అన్నాను.

"తెలుసుకొని ఏం జేస్తవ్? నిజంగనే సచ్చిండ్రని తేలితే?"

"తేలితే ఇల్లు అమ్ముదాం. తేలకపోతే మీ అవ్వ ఈ ఇంట్లోకి నడిచి రావాలి."

ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయాను. ఇంటి పాత క్రయవిక్రయాలన్నీ వెతికించి, దస్తావేజుల నకళ్లు తీయించడానికి చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. చివరికి ఇల్లు చేతులు మారిన వరస దొరికింది. మునీము కట్టించి నర్సుకు అమ్మాడు. నర్సు ఒక బట్టల వ్యాపారికి అమ్మింది. ఆయన పోయాక ఆయన కొడుకు మాకు అమ్మాడు. పక్కింటావిడ చెప్పిన వరసే. ఆమె చెప్పిందాంట్లో అది ఒక్కటైనా నిజమే కదా అని నాకు భయం వేసింది.

బస్టాండులో కూర్చుని ఆ నకళ్లు మళ్లీ చదివాను. నర్సుకు అమ్మిన దస్తావేజు కింద మునీము సంతకం ఉంది, మరాఠీలో, గుండ్రంగా. ఇంట్లో ఉరేసుకున్న మనిషి ఇల్లు అమ్మడానికి ఎట్లా వచ్చాడు? నర్సు పేరు పక్కన మిషన్ దవాఖాన అని రాసి ఉంది, భర్త పేరు లేదు, తండ్రి పేరు ఉంది. ఇంటికి రాగానే గోడ మీదుగా పక్కింటావిడను అడిగాను.

"ఉరేసుకుంటే సంతకం ఎట్ల వెట్టిండక్కా?"

"అమ్మినంక మళ్లొచ్చి ఏసుకున్నడేమో!" అంది.

ఆ జవాబుతో నాకు ధైర్యం వచ్చింది. ఆ ఆదివారం ప్రార్థన ముగిసే వేళకు చర్చి గేటు దగ్గర నిలబడ్డాను. మిషన్ దవాఖానలో పనిచేసిన పాత నర్సమ్మ ఎవరైనా ఉన్నారా అని అడిగితే, బయటికి వస్తున్న నలుగురూ ఒకే ఇంటిని చూపించారు. చర్చి వెనక గల్లీలో మేనకోడలి దగ్గర ఉంటోంది ఆమె. గంజి పెట్టిన తెల్ల చీర, నున్నగా దువ్విన తెల్ల జుట్టు. ఊళ్లో సగం మందికి పురుడు పోసిన చేతులు, ఇప్పుడు కొద్దిగా వణుకుతున్నాయి. నేను వచ్చిన పని చెప్పి, నసుగుతూ ఆమె భర్త సంగతి అడిగాను.

"నాకు మొగడా? నాకు చెప్పకుండ పెండ్లెవరు జేసిండ్రే నాకు?"

ఆమె నవ్విన నవ్వుకు వంటింట్లోంచి మేనకోడలు పరుగెత్తుకొచ్చింది. "ఇనవే, నాకు మొగడుండెనట! సచ్చిండట గూడ!" అని మళ్లీ నవ్వింది. కళ్లు తుడుచుకుని నెమ్మదించాక చెప్పింది.

"మా నాయిన పోయిండు బిడ్డా ఆ ఇంట్ల. పండు ముసలోడు. కీర్తన పాడుకుంట పాడుకుంట పోయిండు. మగమనిషి పీనుగ లేచింది గద, గల్లీల నాకు మొగన్ని గట్టిండ్రు. ఆ ఇంట్ల ఉన్నన్ని దినాలు నాకు ఏ ఫికర్ లేకుండె."

మునీము ఇల్లు అమ్మి నాందేడ్‌లోని కూతురి దగ్గరికి వెళ్లిపోయాడని ఆమె చెప్పింది. ఆ కూతురికి ఇక్కడే పురుడు పోసిందట. అప్పుడు పుట్టిన మనవరాలు ఇప్పటికీ పండుగలకు ఫోన్ చేస్తుందట. అప్పటికప్పుడే కలిపించింది. నాకు వచ్చిన కాస్త మరాఠీలో, తాత ఎట్లా పోయారని అడిగాను.

"ఆజోబా? ఝోపేత్" అంది అవతలి గొంతు. నిద్రలో. పురణ్‌పోళీ, మన బొబ్బట్టే, అది తిని, ఇంకోటి అడిగి తిని, పడుకుని మళ్లీ లేవలేదట. మునిమనవళ్లను ఎత్తుకుని ఆడించాకే పోయాడట. ఆదిలాబాద్ ఇంటి గోడలకు బెల్లపు నీళ్లు కలిపిన సున్నం వేయించానని జీవితాంతం చెప్పుకునేవాడట. ఉరి మాట ఎక్కడ పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు గాలిలో తేలినట్టుంది. ఇక మూడోది మిగిలింది. పెద్దకొడుకు సంగతి అడిగేసరికి నర్సమ్మ నవ్వు ఆగింది.

"ఆ పిలగాడు సచ్చుడేంది? ఉట్నూర్ దిక్కున్నడు. జీపు నడుపుతడు. గోండు పిల్లను జేసుకున్నడని వాళ్ల నాయిన గల్లీల నిలవడి 'నా పెద్దకొడుకు సచ్చిండు' అని ఒర్లిండు. ఒర్లి, తలమీద నీళ్లు గుమ్మరిచ్చుకున్నడు. సావుకు పోసుకున్నట్టు. నా కండ్లార జూసిన."

తండ్రి కోపంలో అన్న ఒక్క మాట. దాన్ని గల్లీ నిజం చేసింది. తర్వాత వచ్చినవాళ్లు దానికి జ్వరమో, పామో తగిలించుకున్నారు.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను. మా ఆయన వరండాలో మంచం నులక బిగిస్తున్నాడు. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను. మునీము దగ్గర నవ్వాడు, నర్సమ్మ దగ్గర ఇంకా గట్టిగా నవ్వాడు. మూడో ముచ్చట వినేసరికి చేతిలో తాడు వదిలేశాడు.

"గా ఇల్లు వాళ్ల నాయిన సొత్తు గద. ఇద్దరు కొడుకులుంటే ఒక్కడే ఎట్ల అమ్మిండు?"

లోపలికి పోయి మా దస్తావేజు తెచ్చాను. అమ్మిన మనిషి తన తండ్రికి తానొక్కడే కొడుకునని, వేరే వారసులు లేరని రాసిచ్చాడు. కొన్నప్పుడు ఆ వాక్యాన్ని చదివాం కూడా. మామూలు మాటగానే కనిపించింది.

మా ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. "ఆయన సచ్చిపోతే ఇల్లు మనదే గాని అచ్చిరానిది. బతికుంటే ఇల్లు మంచిదేగాని సగం మనది గాదు. మంచిగ దొరికింది గద మనకు!"

ఊరుకుంటే ఏమవుతుందన్న ఆలోచన ఇద్దరికీ వచ్చింది. రాలేదంటే అబద్ధం. ఉట్నూర్‌లో ఉన్న మనిషికి ఏమీ తెలియదు. మేము చెప్పకపోతే ఎప్పటికీ తెలియకపోవచ్చు. అత్తమ్మకు మాత్రం ఇద్దరి సంగతి చెప్పి, మూడో మనిషిని దాటేయవచ్చు. ఆ పూట అన్నం సరిగా తినలేకపోయాం. పొద్దున్నే మా ఆయన స్నానం చేసి ఇస్త్రీ అంగీ వేసుకుని నిలబడ్డాడు.

"నడువు, ఉట్నూర్ పోదాం. బాయిల కప్పుకు పగులు గనవడితే ఊకుంటమా? పని ఆపి చెప్తం. గిదీ గంతే."

ఉట్నూర్ బస్టాండు పక్కనే జీపులు ఆగుతాయి. అడవి ఊళ్లకు పోయే జనం, బియ్యం సంచులు, కోళ్ల గంపలు. మేము పేరు చెప్పి అడిగితే ఒక జీపు వైపు చూపించారు. నెరిసిన జుట్టు మనిషి తడిగుడ్డతో ముందు అద్దం తుడుస్తున్నాడు.

"ఎటువోవాలె?" అన్నాడు తిరిగి చూడకుండానే.

"ఎటూ పోయేది లేదు తమ్మీ. ఆదిలాబాద్‌ల మీ నాయిన ఇల్లు కొన్నది మేమే" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. గుడ్డ పిండి, జీపు తలుపు తీసి, "ఎక్కుండ్రి. ఇంట్ల మాట్లాడుకుందాం" అన్నాడు.

ఊరు చిన్నది. ఇల్లు శుభ్రంగా అలికి ఉంది. ఆయన భార్య "రాం రాం" అని రెండు చేతులూ జోడించింది. మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అడగకుండానే పొయ్యి మీద జొన్నరొట్టెకు పెనం పెట్టింది. నేను మొదటి నుంచి చెప్పాను. మునీము, నర్సమ్మ, మా అత్తమ్మ ఒట్టు, వరండాలో మంచం. చివరికి, మా గల్లీలో నువ్వు ఎప్పుడో చచ్చిపోయావు తమ్మీ అని కూడా చెప్పాను. భార్య రొట్టె తిప్పుతూ ఫక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు.

"కాయిదంల గూడ గట్లనే రాసిండ్రా?"

"సచ్చిండని రాయలే. మీ నాయినకు ఒక్కడే కొడుకని రాసిండు."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "తమ్మీ, నీ వాటా నీకున్నది. మేం తెల్వక కొన్నం. నువ్వెట్లంటే గట్ల."

"ఇల్లు మీదే అన్నా. కష్టపడ్డ పైసలిచ్చి కొనుక్కున్నరు. బాయి పైసలు, నాకు తెల్వదా?" అన్నాడు. "తమ్ముడు నా ఎదురుంగ నిలవడాలె. 'గీయన మా అన్న' అని కాయిదం మీద రాయాలె. గప్పుడే నేను దస్కతు వెడ్త. గంతకన్న నాకేం వద్దు."

ఆయన భార్య మాత్రం ఆయనలా ఏం వద్దని ఊరుకోలేదు. రొట్టె పళ్లెం నా ముందు పెట్టి, "మా పోరగాండ్లకు తాత పేరు లేదంటరు స్కూల్ల. పేరున్నదని రాయాలె" అంది. నేను రొట్టె తుంచుతూ, రాయిస్తానని మాటిచ్చాను.

తమ్ముడిని ఒప్పించడం నా పని. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే, "మేడం, గది అయిపోయిన ముచ్చట" అని పెట్టేశాడు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. మూడోసారి మా ఆయన ఫోన్ నుంచి చేశాను. ఎత్తాడు. బడిలో వెనక బెంచీ పిల్లలతో మాట్లాడే గొంతు నాకింకా పోలేదు.

"మీ ముందు రెండు దార్లున్నాయి. ఒక దారిలో వకీలు వస్తాడు. ఇంకో దారిలో మీ అన్న వస్తాడు. ఏది కావాలో మీరే చెప్పండి."

ఈసారి అతను గొంతు తగ్గించి అడిగాడు.

"ఎట్లున్నడు మేడం? ముసలోడయిండా?"

రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు, దస్తావేజులు రాసే ఆయన బల్ల దగ్గర ఆ అన్నదమ్ములు కలుసుకున్నారు. అన్న వెళ్లిపోయినప్పుడు తమ్ముడు బడికి పోయే పిల్లవాడట. ఇప్పుడు బట్టతల, కళ్లద్దాలు. జీపు దిగి వస్తున్న మనిషిని చూసి తమ్ముడు బల్ల పక్క నుంచి లేచి నిలబడ్డాడు. "అన్నా" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం అతను ఎంత తయారై వచ్చాడో తెలుస్తూనే ఉంది.

అన్న అతన్ని కిందికీ మీదికీ చూశాడు. "మీసం పెంచినవ్? బాపు పోలికే కొడుతున్నవ్" అన్నాడు. తమ్ముడు మొహం తిప్పుకుని గోడ వైపు నిలబడిపోయాడు. అన్నే పోయి భుజం మీద చెయ్యి వేశాడు.

దస్తావేజు రాసే ఆయన గట్టిగా చదివాడు. ఇల్లు కొన్న బట్టల వ్యాపారికి ఇద్దరు కుమారులు. పెద్ద కుమారుడు ఫలానా, ఆయన భార్య ఫలానా, పిల్లలు ఫలానా. లోగడ పొరపాటుగా ఒక్కడే కుమారుడని రాయబడినది. పెద్ద కుమారుడు ఈ అమ్మకానికి ఒప్పుకుని, తన హక్కు వదులుకుంటున్నాడు. "గా మొదటి ముక్క మళ్ల సదువు సారూ" అన్నాడు అన్న. మళ్లీ చదివించుకుని, అప్పుడు పెన్ను తీసుకున్నాడు. వాటా సంగతి అన్నదమ్ములిద్దరూ బయట చాయ్ తాగుతూ ఏదో మాట్లాడుకున్నారు. అది వాళ్ల సంగతి, నేను అడగలేదు.

అదే రోజు పొద్దున్నే మా ఆయన మంచిర్యాల నుంచి అత్తమ్మను ఇంటికి తీసుకొచ్చి ఉంచాడు. "కండ్లతోని జూస్తెనే నమ్ముత" అని షరతు పెట్టి వచ్చింది. వరండా అంచున కూర్చుంది, గడప వైపు కూడా చూడలేదు. పక్కింటావిడ గోడ దగ్గర నిలబడింది. నర్సమ్మ మేనకోడలి చెయ్యి పట్టుకుని ఆటో దిగింది. అప్పుడు జీపు వచ్చి ఆగింది, అన్న, ఆయన భార్య, తమ్ముడు దిగారు.

"అత్తమ్మా, సచ్చిన పెద్దకొడుకు గీయననే" అన్నాను.

అత్తమ్మ లేచి దగ్గరికి పోయి ఆయన మోచెయ్యి పట్టుకుని చూసింది. గట్టిగానే గిచ్చిందనుకుంటాను, ఆయన "అబ్బా" అన్నాడు.

"నువ్వు సచ్చినవంట గద బిడ్డా?"

"మా బాపు నోట్ల సచ్చిన అవ్వా. పానానికేం గాలే."

"నా మొగని ముచ్చట గూడ అడుగు, చెప్త!" అంది నర్సమ్మ వెనకనుంచి.

అత్తమ్మ వరండా మీది నుంచే పక్కింటావిడ వైపు తిరిగింది. ఆ గొంతు బొగ్గు కాలనీలో నల్లా దగ్గర బిందెల వరస నిలబెట్టిన గొంతు. "ఏం బిడ్డా, ముగ్గురు సచ్చిండ్రంటివి? ఒకాయన తీపి రొట్టెలు తిని మంచిగ పండుకొని పోయె. ఇంకొకాయన పుట్టనే లేకపాయె. గీయన జీపు నడుపుకుంట వచ్చె. ఇంకెవరన్న ఉన్నరా, ఇప్పుడే చెప్పు." పక్కింటావిడ సిగ్గుపడి నవ్వేసింది. అత్తమ్మ ఆమెనూ భోజనానికి పిలిచింది.

తర్వాత జీపాయన చెయ్యి పట్టుకుని, "ముందుగాల నువ్వు నడువు బిడ్డా, నువ్వు పెరిగిన ఇల్లు" అంది. ఇద్దరూ కలిసి గడప దాటారు. నేను వంటింట్లోకి పోయి ఒక్కదాన్నే నిలబడి, గెలిచాను, గెలిచాను అనుకున్నాను. పైకి కూడా అన్నానేమో తెలియదు.

నాటుకోడి కూర, జొన్నరొట్టెలు, సేమ్యా పాయసం వండాను. అందరూ హాల్లో వరసగా కూర్చున్నారు. తమ్ముడు మాత్రం వరండాలో చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు. అన్న భార్య విస్తరి ముందు నుంచి లేచి గుమ్మంలోకి వెళ్లింది. "మర్దీ, లోపటికి రా. అన్నం సల్లారుతుంది" అంది. అతను వచ్చి ఆమె చూపించిన చోట కూర్చుని తలొంచుకుని తిన్నాడు. రెండోసారి అడిగి మరీ కూర వేయించుకున్నాడు. ఆ సాయంత్రం అత్తమ్మే నులక మంచాన్ని ఒక కొసన పట్టుకుని లోపలికి తెచ్చింది.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. ఇప్పుడు మా ఇంటి చరిత్ర నాకంటే మా అత్తమ్మే బాగా చెబుతుంది. ఆమె కథలో మునీము నిండు నూరేళ్లూ బతుకుతాడు. నర్సమ్మకు వచ్చిన సంబంధాల లెక్క ఏటేటా పెరుగుతుంది. మొన్న కరెంటు మీటరు చూడడానికి వచ్చిన ఆయన, ఇల్లు చాలా పాతదిలా ఉందే అన్నాడు పాపం. అత్తమ్మ కుర్చీ జరిపింది.

"ముందుగాల కూసో బిడ్డా. జర సేపు వడ్తది."